రిపోర్టులో ‘హెటెరోజైగస్’ అని ఉంది.. భయపడాలా?

ప్రశ్న: నా వయసు 27. ఈమధ్య నీరసంగా ఉంటే పరీక్షలు చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ 11.2 ఉంది. ‘మైక్రోసైటిక్ హైపోక్రోమిక్’, ‘హెచ్‌బీ ఏ2 5.1 శాతం, బీటా థలసీమియా ట్రెయిట్’, జన్యు పరీక్షలో ‘హెటెరోజైగస్’, స్కాన్‌లో ‘మైల్డ్ స్ప్లీనోమెగలీ’ అని రాశారు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. నెట్‌లో చూస్తే జీవితాంతం రక్తం ఎక్కించుకోవాలని ఉంది. త్వరలో నా పెళ్లి. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: కంగారు పడకండి. థలసీమియా అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య సమస్య. మీరు నెట్‌లో చదివింది అందులో తీవ్రమైన థలసీమియా మేజర్ గురించి. మీది ట్రెయిట్, అంటే మీరు ఆ జన్యు లోపాన్ని మోస్తున్నారంతే. ఆ తేడా అంతా ‘హెటెరోజైగస్’ అన్న మాటలోనే ఉంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. హెటెరో అంటే వేరు. మీ జన్యువుల జంటలో ఒకటి మారింది, రెండోది బాగానే పనిచేస్తోంది. రెండూ దెబ్బతింటేనే రక్తం ఎక్కించాల్సిన పరిస్థితి వస్తుంది.

మిగతావి చూడ్డానికే పెద్ద మాటలు. మైక్రో అంటే చిన్న, సైట్ అంటే కణం. హైపో అంటే తక్కువ, క్రోమ్ అంటే రంగు. బీటా గొలుసులు తక్కువ తయారవడంతో ఎర్రకణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయన్నమాట. హెచ్‌బీ ఏ2 అంటే హిమోగ్లోబిన్‌లో ఒక రకం. అది మామూలు కంటే ఎక్కువగా ఉండటమే బీటా థలసీమియా ట్రెయిట్‌కు గుర్తు. స్ప్లీన్ అంటే ప్లీహం, మెగలీ అంటే పెద్దదవడం. ట్రెయిట్ ఉన్న కొందరిలో ప్లీహం కాస్త పెద్దగా ఉంటుంది గానీ వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి స్కాన్‌ను మీ డాక్టర్‌కు చూపించండి.

ఒక జాగ్రత్త. ఐరన్ లోపంలోనూ ఎర్రకణాలు ఇలాగే చిన్నగా కనిపిస్తాయి. అందుకే ట్రెయిట్ ఉన్నవాళ్లు చాలామంది అవసరం లేకుండానే నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగుతుంటారు. నా దగ్గరికీ అలాంటివాళ్లు వస్తుంటారు. శరీరంలో ఐరన్ నిల్వలెంతో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించి, తక్కువ ఉంటేనే వాడండి. ట్రెయిట్ ఒక్కదానితో ఇంత నీరసం సాధారణంగా రాదు. కాబట్టి థైరాయిడ్, బీ12 కూడా చూపించుకోండి.

అసలు ముఖ్యమైంది పెళ్లి సంగతి. మీకు కాబోయే భర్త కూడా హెచ్‌బీ ఏ2 పరీక్ష చేయించుకోవాలి. ఆయనకు ట్రెయిట్ లేకపోతే పిల్లలకు మేజర్ వస్తుందన్న భయం అక్కర్లేదు, మహా అయితే మీలాగే ట్రెయిట్ రావచ్చు. ఆయనకూ ఉంటే మాత్రం ప్రతి గర్భంలోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. అప్పుడైనా పెళ్లి మానుకోవాల్సిన పని లేదు. జెనెటిక్ కౌన్సెలర్‌ను కలిస్తే, కడుపులోని బిడ్డకు మేజర్ ఉందో లేదో తెలుసుకోవడానికి గర్భం వచ్చిన 11వ వారం నుంచి చేయగల పరీక్షల గురించి ముందే వివరిస్తారు.