మడత ఫోన్: తెరిస్తే తెలుపు, సగం మూస్తే బొమ్మ

ప్రశ్న: నాన్నగారి పాత ఫ్లిప్ ఫోన్ పూర్తిగా తెరిస్తే స్క్రీన్ తెల్లగా అయిపోతోంది, సగం మూస్తే మళ్లీ బొమ్మ వస్తోంది. ఎందుకండీ?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ ఫోన్లో నిజానికి రెండు ముక్కలున్నాయి. కింది ముక్కలో బ్యాటరీ, ప్రాసెసర్, కీప్యాడ్ ఉంటాయి, పైముక్కలో స్క్రీన్, చెవి దగ్గరి స్పీకర్. ఈ రెంటినీ కలిపేది కీలు లోపల చుట్టి పెట్టిన ఫ్లెక్స్ కేబుల్ ఒక్కటే. ఈ కేబుల్ అంటే, తేనెరంగు ప్లాస్టిక్ రిబ్బన్ మీద వెంట్రుక కన్నా పలచని రాగి గీతలు వరసగా ఉంటాయి, స్క్రీన్‌కి కరెంటూ బొమ్మా వెళ్లేది వాటిమీంచే. రోజుకి ముప్ఫైసార్లు తెరిస్తే ఏడాదికి దాదాపు పదకొండు వేల మడతలు, తీగని అటూ ఇటూ వంచి తెంపుతామే, అదే ఇక్కడ నెమ్మదిగా జరుగుతుంది. మీ ఫోన్లో ఏదో గీత చిట్లి ఉంటుంది, సగం మూసినప్పుడు ఆ చివర్లు తగులుతున్నాయి, అంతే.

అన్నట్టు, ఫోన్ మూయగానే కాల్ కట్టయ్యేది ఎలాగంటే, చాలా మోడళ్లలో ఒక ముక్కలో చిన్న అయస్కాంతం, ఇంకోదాంట్లో అది దగ్గరికొస్తే పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి (1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రమే). ఫోన్ తెరిచి ఉండగా చిన్న అయస్కాంతం కీప్యాడ్ చుట్టూ, స్క్రీన్ చుట్టూ తిప్పి చూడండి, ఎక్కడో ఒకచోట మూసేశారనుకుని లైటు ఆర్పేస్తుంది!

మన విశాఖ ఉప్పుగాలికి ఆ కేబుల్ కొసలు తగిలించే కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టడమూ మామూలే, కాబట్టి రిపేరు షాపులో ముందు దాన్ని తుడిపించి, అప్పటికీ కుదరకపోతేనే ఫ్లెక్స్ మార్పించండి. లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి, సగం మూస్తే బొమ్మ వస్తోందిగా.