ముందు మీ ఫ్రీజర్‌లో చోటెంతుందో చూసుకోండి

"ఇంట్లోనే ఐస్‌క్రీములు, సోడాలు, పుల్ల ఐసులు చేసుకునే సరదా పరికరాలు చాలా వస్తున్నాయి కదా, వాటిలో ఏది కొంటే డబ్బు దండగ కాదు?" అని అడిగారు.

నేను నాలుగు కొన్నాను. ఒకటి అటకెక్కింది. ఒకదాని గిన్నెలో ఉల్లిపాయలు పోసుకుంటున్నాం. మిగతా రెండూ వాడుతున్నాం. ఈపాటి అనుభవంతో సలహా చెప్పే అర్హత వచ్చేసిందనే నా నమ్మకం.

అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఈ పరికరాల్లో చాలావాటికి సొంతంగా చల్లబరిచే శక్తి లేదు. చలువంతా మీ ఫ్రీజర్‌ది, పరికరం దాన్ని చేబదులు తెచ్చుకుంటుంది, అంతే. సొంత కంప్రెసర్ ఉన్న పెద్ద యంత్రాలను పక్కన పెడితే, తక్కినవన్నీ ఈ బాపతే. కాబట్టి ఏది కొనాలన్న ప్రశ్న తర్వాత, అప్పిచ్చే స్తోమత మీ ఫ్రీజర్‌కు ఉందా అన్నది ముందు. నాకు ఇది ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంటినిండా జనం ఉండగా తెలిసివచ్చింది.

ఆ రోజు అక్కా బావగారూ పిల్లలతో వస్తామన్నారు. నేను అప్పటికి వారం క్రితమే ఐస్‌క్రీము యంత్రం కొన్నాను. అందులో అసలు కీలకం దాని గిన్నె. రెండు గోడల గిన్నె అది, గోడల మధ్య ఏదో ద్రవం ఉంటుంది. ముందుగా ఫ్రీజర్‌లో పెడితే ఆ ద్రవం గడ్డకడుతుంది. తర్వాత గిన్నెను బయటికి తీసి, పాల మిశ్రమం పోసి మీట నొక్కితే మోటారు తెడ్డును తిప్పుతుంది. చల్లటి గోడకు అంటుకున్న పాలు పలచటి పొరలా గడ్డకట్టడం, తెడ్డు దాన్ని గీకి మళ్లీ పాలలో కలపడం, ఇదే వరస. గీకుతూ ఉంటేనే మంచు పలుకులు పెద్దవి కాకుండా ఉంటాయి, నాలుకకు ఇసుకలా తగలవు.

నేను గిన్నెను శనివారం రాత్రి పడుకోబోయే ముందు ఫ్రీజర్‌లో ఇరికించాను. ఇరికించాను అనే అనాలి, ఎందుకంటే దాని కింద బఠాణీల సంచీ, పైన ఐసు ట్రేలు, పక్కన ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేని ఒక డబ్బా. ఆ సందులో గాలి ఎక్కడ ఆడుతుంది? మైనస్ 18 డిగ్రీల దగ్గర దాదాపు 24 గంటలు ఉంచాలని, బయటికి తీశాక గిన్నెను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు రాకూడదని సూచనల పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం గురించి ఒక మాట చెప్పుకోనివ్వండి. యంత్రాన్ని స్నానాల తొట్టిలో వాడవద్దనీ, నిద్రపోతున్నవారి దగ్గర నడపవద్దనీ పేజీలకు పేజీలు హెచ్చరికలు. అసలు కావలసిన ఆ ఒక్క వాక్యం మాత్రం ఎక్కడో చివర, చీమ తలకాయంత అక్షరాల్లో. నేను చదవలేదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరు చదువుతారు?

పాలు, మీగడ, చక్కెర కలిపి పోసి మీట నొక్కాను. తెడ్డు తిరిగింది. పిల్లలిద్దరూ చెంచాలు పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డారు. ఇరవై నిమిషాలయింది. తెడ్డు తిరుగుతూనే ఉంది. నలభై నిమిషాలకు చిన్నది కుర్చీ ఎక్కి తొంగిచూసి, "మామయ్యా, ఇవి పాలే కదా?" అంది. పాలే. కాస్త చల్లబడ్డ పాలు. బావగారు మర్యాద కొద్దీ నవ్వలేదు గానీ గోడ గడియారం వైపు రెండుసార్లు చూశారు.

అప్పుడు అమ్మ లేచి స్నానాల గదిలోంచి బకెట్ తెచ్చి కడిగింది. "ఐసు ఎంతుంది? రాళ్ల ఉప్పు ఉందా?" ఇవి రెండే అడిగింది. ట్రేల్లోని ఐసు చాలక ఒక సంచీ కొనుక్కొచ్చాను. దాన్ని గుడ్డలో చుట్టి రోకలితో చితక్కొట్టి, మూడు వంతుల ఐసుకు ఒక వంతు ఉప్పు చొప్పున పొరలుపొరలుగా బకెట్‌లో వేశాం. మధ్యలో మూతున్న స్టీలు డబ్బా, అందులో ఆ పాలు. ఇక డబ్బాను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పడమే. కవ్వం తిప్పినట్టే.

మొదట లోపల పాలు గలగలమన్నాయి. పది నిమిషాలకు ఆ చప్పుడు మందగించింది. మూత తీసి చూస్తే డబ్బా గోడకు గోరంత మందాన తెల్లటి పొర. దాన్ని చెంచాతో గీకి లోపలికి కలపడం, మళ్లీ తిప్పడం. బకెట్ బయట పక్క కూడా తెల్లగా నూగు పట్టింది. వంటగదిలో వాడే ఉష్ణమాపకం ఉప్పునీళ్లలో ముంచితే మైనస్ 13 చూపించింది. పెద్దవాడు నమ్మలేదు. "ఐసు సున్నా దగ్గర కదా కరగాలి?" అన్నాడు. బడిలో బాగానే చెప్పారన్నమాట.

ఐసు కరగాలంటే గ్రాముకు దాదాపు 80 కెలోరీల వేడి కావాలి. ఉప్పు తగిలితే సున్నాకన్నా కిందకూడా కరగక తప్పదు, కాబట్టి ఆ వేడిని చుట్టుపక్కల ఎక్కడ దొరికితే అక్కడ లాక్కుంటుంది. పాలలోంచి, డబ్బాలోంచి, నా వేళ్లలోంచి కూడా. సాధారణ ఉప్పుతో గట్టిగా పట్టుబడితే మైనస్ 21 డిగ్రీల దాకా దిగవచ్చు. యంత్రం గిన్నె రాత్రంతా ఫ్రీజర్‌లో కూర్చుని కూడబెట్టుకోలేని చలువను, బకెట్‌లోని ఐసు అరగంటలో దులిపి ఇచ్చేసింది. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే ఆవిడ పేటెంటు తీసుకున్న ఐస్‌క్రీము యంత్రం కూడా ఇదే పద్ధతి: చెక్క తొట్టి, ఉప్పు కలిపిన ఐసు, లోపల డబ్బా, తిప్పడానికి పిడి. అమ్మకు ఆ పేరు తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు.

ముప్పై అయిదు నిమిషాలకు ఐస్‌క్రీము అయింది. డబ్బా మూత సరిగ్గా బిగించకపోవడం వల్ల అంచునుంచి ఉప్పునీళ్లు కొంచెం దిగాయి, పైపైన ఉన్నది ఉప్పగా ఉంది. పై పొర తీసి నేను తిన్నాను. మిగతాది ఎవరు ఎంత తిన్నారో లెక్క లేదు. చిన్నదాని అరచేతులు ఎర్రబడ్డాయి, అయినా తన వంతు వదల్లేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. పిసికితే రసం మెత్తటి మంచులా మారే రబ్బరు గ్లాసు ఒకటి వస్తుంది చూశారూ, దానికీ ఇదే రోగం. గంటల తరబడి ఫ్రీజర్‌లో పెట్టాలి, ఒక్క గ్లాసు చేయగానే దాని పని సరి. నలుగురున్న ఇంట్లో అది గొడవలు పెట్టే వస్తువు. అటకెక్కింది అదే.

సోడా యంత్రం పనికొస్తుంది, కానీ అక్కడా అప్పే. గది వేడిమిలో ఉన్న నీళ్లకంటే మంచులా చల్లటి నీళ్లు దాదాపు రెట్టింపు వాయువును పట్టుకుంటాయి. చల్లబెట్టని నీళ్లతో మొదలుపెట్టి "బుడగలు నిలవడం లేదు" అని యంత్రాన్ని తిట్టినవాళ్లలో నేనూ ఒకడిని. ఉత్త నీళ్లకే వాయువు ఎక్కించండి, నిమ్మరసం, చక్కెర పాకం తర్వాత కలపండి. ముందే కలిపితే నురగ పొంగి యంత్రం మూతిలోకి ఎక్కుతుంది, అక్కడ శుభ్రం చేయడానికి వేలు పట్టదు, బ్రష్షు పట్టదు. ఈ పరికరాలను తయారుచేసేవాళ్లు సొంతింట్లో ఒక్కసారైనా గిన్నెలు కడిగి ఉండరని నా గట్టి అనుమానం.

గడ్డకట్టిన పండ్లను నలిపి ఐస్‌క్రీములా దింపే యంత్రం అసలే వద్దు. మాగిన అరటిపండ్లను చక్రాలుగా కోసి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, పొద్దున మిక్సీలో వేయండి. మొదట రవ్వలా పొడి అవుతుంది, ఇది కుదరదు అనిపిస్తుంది. ఆపి, అంచులు దులిపి, మళ్లీ తిప్పండి. ఉన్నట్టుండి వెన్నలా మారుతుంది.

నన్నడిగితే పుల్ల ఐసు అచ్చులు కొనండి. అన్నిటికన్నా చవక, విరిగే మోటారు లేదు. 1905లో ఫ్రాంక్ ఎపర్సన్ అనే పదకొండేళ్ల కుర్రవాడు పానీయం గ్లాసును, కలిపే పుల్లతో సహా, చలిరాత్రి వరండాలో మరచిపోతే పొద్దుటికి పుల్ల ఐసు అయిందని చెబుతారు. అంటే ఆ వస్తువు పుట్టిందే పరికరం లేకుండా. రసంలో చక్కెర మరీ తగ్గించకండి. చక్కెర తీపికే కాదు, గడ్డ మెత్తగా ఉండటానికి కూడా. అక్క ఆరోగ్యం పేరు చెప్పి సగానికి సగం తగ్గించినప్పుడు అవి కొరికితే పన్ను కదిలే రాళ్లయ్యాయి. ఊడి రాకపోతే పుల్లను లాగవద్దు, అచ్చును పది క్షణాలు గోరువెచ్చటి నీళ్లలో ముంచండి.

అచ్చులు కొనేముందు టేపు పెట్టి ఫ్రీజర్ అర ఎత్తు కొలవండి. పుల్లతో కలిపి కొలవాలి. నేను కొలవలేదు. మధ్య పలక తీసేస్తే గానీ అవి నిటారుగా నిలబడలేదు, ఆ పలక ఇప్పుడు రబ్బరు గ్లాసు పక్కనే అటక మీద ఉంది.