ఆగస్టు వానలో వ్లాదివోస్తోక్: సాయంత్రం రైలెక్కే లోపు ఏం చూడొచ్చు?

పొద్దున్నే రష్యా తూర్పు కొసనున్న వ్లాదివోస్తోక్‌లో దిగుతాం, సాయంత్రం సైబీరియాలోని ఇర్కుత్స్క్ వెళ్లే రైలు, ఫోన్‌లో చూస్తే రోజంతా వాన చూపిస్తోంది, ఊరు చూడొచ్చా లేక స్టేషన్‌లోనే కూర్చోవాలా అని అడిగారు. కూర్చోకండి. మేం వెళ్లింది కూడా ఆగస్టులోనే, వానలోనే తిరిగాం, ఊరు బాగా నచ్చింది. కాకపోతే ఏం చూడాలి అన్నదాని కన్నా ముందు బూట్లు ఎలా తడవకుండా చూసుకోవాలి అన్నది ఆలోచించండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. ఇర్కుత్స్క్ అక్కడి నుంచి 4,100 కిలోమీటర్ల పైమాట, దాదాపు మూడు రోజుల ప్రయాణం. ఏసీ పెట్టెల్లో కిటికీలు తెరుచుకోవు. నలుగురు పడుకునే కూపేలో తడి బూట్లు, తడి సాక్సులతో మూడు రోజులంటే మీతోపాటు మిగతా ముగ్గురికీ నరకమే.

అందుకని దిగగానే సామాను స్టేషన్‌లోని లగేజీ గదిలో పెట్టేయండి. ఒక జత పొడి బట్టలు, సాక్సులు, చెప్పులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ సామానులోనే ఉంచండి, వెంట తిప్పొద్దు. పాస్‌పోర్టు, డబ్బు, టికెట్ మాత్రం మీ దగ్గరే ఉండాలి. గొడుగు మీద నమ్మకం పెట్టుకోకండి, అక్కడ వాన కన్నా గాలిది పెద్ద గొడవ, రెండు వీధులు దాటేసరికి గొడుగు తిరగబడిపోతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు నయం. జూన్‌లో, జులై మొదట్లో ఎక్కువగా సముద్రం మీంచి వచ్చే పొగమంచు, తుంపర ఉంటాయి, ఆగస్టులో మాత్రం తుపానుల తోక తగిలి గట్టి వానలే పడతాయి. సెప్టెంబరు, అక్టోబరు హాయిగా ఉంటాయి, టికెట్ ఇంకా కొనకపోతే ఆ సంగతి కూడా ఆలోచించండి.

మంచి విషయం ఏంటంటే చూడాల్సినవి చాలావరకు స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే ఉన్నాయి. అసలు స్టేషనే ఒక చూడదగ్గ చోటు. ఇప్పుడున్న రూపం 1912 నాటిది. మాస్కోలో ఇదే రైలు దారికి రెండో కొసన ఉన్న యారొస్లావ్‌స్కీ స్టేషన్‌ను గుర్తుచేసేలా కట్టారు. ప్లాట్‌ఫాం మీద 9288 అని రాసిన స్తంభం ఉంటుంది, మాస్కో నుంచి అక్కడికి అన్ని కిలోమీటర్లన్నమాట. అందరూ ఫొటో దిగేది అక్కడే. దాన్ని సాయంత్రానికి ఉంచుకోండి, రైలు కోసం ఎలాగూ అక్కడికే రావాలి కదా. స్టేషన్ ఎదురుగా లెనిన్ విగ్రహం, అక్కడి నుంచి అలెయుత్‌స్కాయా వీధిలో నడిస్తే నటుడు యూల్ బ్రైనర్ పుట్టిన ఇల్లు, ముందు ఆయన విగ్రహం కనిపిస్తాయి. ఆయన 1920లో ఈ ఊళ్లోనే పుట్టాడు. సినిమా పిచ్చి లేకపోతే ఓ చూపు చూసి ముందుకు సాగిపోండి.

అదే వీధిలో ముందుకెళ్తే స్వెత్లాన్‌స్కాయా అనే పెద్ద వీధి వస్తుంది, మూల మీదే అర్సెన్యెవ్ మ్యూజియం. వాన గట్టిగా ఉంటే నేరుగా ఇక్కడికే పొండి. రష్యాలో మ్యూజియంలకి ఒక పద్ధతుంది, కోటు వేసుకుని లోపలికి పోనివ్వరు, గార్దెరోబ్ అనే చోట ఇచ్చి నంబరు బిళ్ల తీసుకోవాలి. మామూలప్పుడు విసుగనిపిస్తుంది గానీ వానరోజున ఇంతకన్నా సుఖం లేదు, మీరు తిరుగుతున్నంతసేపూ కోటు అక్కడ నీళ్లు కారుతూ ఆరుతుంది. కొన్నిచోట్ల బూట్ల మీద వేసుకోవడానికి నీలం ప్లాస్టిక్ తొడుగులు కూడా ఇస్తారు. లోపల ఆ ప్రాంతం మూలవాసుల గురించి, అడవి గురించి, ఓడరేవు పుట్టుక గురించి ఓపిగ్గా చూస్తే రెండు గంటలు తెలియకుండా గడిచిపోతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం ఎస్-56 జలాంతర్గామి. మాది విశాఖ, ఆర్కే బీచ్‌లో కురుసుర చూస్తూ పెరిగినవాణ్ని, మళ్లీ జలాంతర్గామి ఏం చూస్తాంలే అనుకుంటూనే వెళ్లాను. కురుసుర కూడా సోవియట్ యూనియన్‌లో తయారైనదే, 1969లో మన నౌకాదళంలోకి వచ్చింది. ఎస్-56 దానికన్నా పాతది, చిన్నది. 1942 అక్టోబరులో ఈ ఊరి నుంచే బయల్దేరి పసిఫిక్, పనామా కాలువ, అట్లాంటిక్ దాటుకుని 1943లో ఉత్తర సముద్రాల నౌకాదళంలో చేరి జర్మనీ మీద పోరాడింది. యుద్ధమైపోయాక 1954లో ఆర్కిటిక్ దారిలో తిరిగి ఇంటికొచ్చింది, అంటే ప్రపంచం చుట్టేసిందన్నమాట. 1975 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. ఒక భాగాన్ని ప్రదర్శన గదిగా మార్చారు, ఇంకో భాగంలో టార్పెడోలు, గొట్టాలు, మంచాలు అలాగే ఉన్నాయి. ఒక అర నుంచి ఇంకో అరలోకి గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ముందే చెప్పండి. పక్కనే 1891లో యువరాజు నికొలాయ్ రాక కోసం కట్టిన తోరణం ఉంటుంది, అసలుది కూల్చేశారు, ఇప్పుడున్నది 2003లో మళ్లీ కట్టింది.

ఇక కొండమీది వ్యూపాయింట్. అందరూ ఓర్లినాయా సోప్కా వెళ్లమంటారు, అక్కడి నుంచి జొలొతోయ్ వంతెన, రేవు అంతా కింద కనిపిస్తాయి. పొగమంచు ఉంటే మాత్రం ఏమీ కనిపించదు, తెల్లటి గోడ చూసి దిగడమే. కాబట్టి కింద రేవు దగ్గర నిలబడి వంతెన స్తంభాల కొసలు కనిపిస్తున్నాయో లేదో చూడండి, కనిపిస్తేనే ఎక్కండి. ఎక్కడానికి 1962 నాటి ఫునిక్యులర్ ఉంది, పట్టాల మీద వాలుగా పైకి లాగే చిన్న బండి, రెండు నిమిషాలు కూడా పట్టదు, పైకి చేరాక ఇంకొంచెం నడవాలి. దాని పక్కనే మెట్లున్నాయి గానీ తడిలో జారతాయి, ఎందుకొచ్చిన సాహసం.

రస్కీ దీవి, అక్కడి అక్వేరియం ఒక్క పగలే ఉన్నవాళ్లకి నేనైతే చెప్పను. దీవికి వెళ్లే వంతెన గొప్పదే, 2012లో తెరిచారు, మధ్య భాగం ఒక్కటే 1,104 మీటర్లు. కానీ దూరం, ట్రాఫిక్, వాన, పైగా సాయంత్రం రైలు అందుతుందా లేదా అని టెన్షన్. తొకరెవ్‌స్కీ లైట్‌హౌస్ కూడా అంతే, నీళ్లలోకి సాగిన సన్నటి ఇసుక మేట మీద నడిచి వెళ్లాలి, సముద్రం పోటు మీదుంటే ఆ దారే మునిగిపోతుంది. బూట్ల సంగతి చెప్పాను కదా.

మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయవు, నలగని డాలర్ నోట్లు తీసుకెళ్లి ఊళ్లోనే రూబుళ్లుగా మార్చుకోండి. మ్యాప్ కోసం 2జీఐఎస్ యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తిండికి స్తొలోవాయా అని బోర్డున్న క్యాంటీన్లు చవక, ఏం కావాలో వేలితో చూపిస్తే చాలు. శాకాహారులైతే "బెజ్ మ్యాసా" అని అడగండి, అంటే మాంసం లేకుండా. బంగాళదుంప పెట్టి ఉడికించిన కజ్జికాయల్లాంటి వరేనికీ, గ్రేచ్కా అనే ఒక రకం గింజల అన్నం దొరుకుతాయి. బోర్ష్‌చ్ చూడ్డానికి బీట్‌రూట్ చారులా ఉన్నా చాలాసార్లు మాంసం ఉడికించిన నీళ్లతోనే చేస్తారు.

రైల్లోకి మాత్రం ఇంటి నుంచే రెడీమేడ్ ఉప్మా, కందిపొడి, పచ్చడి పట్టుకెళ్లండి. ప్రతి పెట్టె చివరా మరిగే నీళ్ల బాయిలర్ ఉంటుంది, రాత్రీ పగలూ ఉచితం. బ్రెడ్డు, పళ్లు, పెరుగు స్టేషన్ దగ్గరి షాపులో కొనుక్కోండి.

రైలు టైముకి గంట ముందే స్టేషన్‌కి చేరండి, లోపలికి వెళ్లేటప్పుడే సామాను స్కాన్ చేస్తారు, లైను ఉంటుంది. ముందు లగేజీ గదికెళ్లి పొడి బట్టలు తీసుకుని మార్చుకోండి, తర్వాతే 9288 స్తంభం దగ్గర ఫొటో. పెట్టె తలుపు దగ్గర ప్రొవొద్నీత్సా, అంటే ఆ పెట్టె చూసుకునే ఆవిడ, పాస్‌పోర్టూ టికెట్టూ పోల్చి చూశాకే ఎక్కనిస్తుంది. బూట్లు తడిసిపోయి ఉంటే లోపల పాత న్యూస్‌పేపరు ఉండలు చేసి కుక్కి, కొన్ని గంటలకోసారి మారుస్తూ ఉండండి, మర్నాడు పొద్దున ఖబారొవ్‌స్క్ దాటేసరికి చాలావరకు ఆరిపోతాయి.