డిటెక్టర్ నోరు నొక్కేయకు, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గ్యారెట్ ఏస్ 300 మెటల్ డిటెక్టర్ కొన్నావని, కాయిన్స్ మోడ్‌లో పెట్టి పార్కంతా తిరిగినా చిల్లర తప్ప ఒక్క ఉంగరం కూడా దొరకలేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మెషిన్‌ది తప్పు కాదు. ఆ మోడ్‌లో చాలా ఉంగరాలు కాయిల్ (నేల మీద ఊపే ఆ పళ్లెం) కిందికి వచ్చినా అది పలకదు.

ఎందుకంటే, కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న కరెంటు పుడుతుంది. దాని జవాబు ఎంత ఆలస్యంగా తిరిగొచ్చిందో చూసి మెషిన్ ఒక అంకె చూపిస్తుంది. అంతేగానీ అది ఉంగరమో రేకు ముక్కో దానికి తెలియదు. ఆ లోహంలో కరెంటు ఎంత బాగా పారుతుంది, వస్తువు ఎంత పెద్దది, ఎంత మందం, ఇవన్నీ కలిపి ఒకటే అంకె. స్కేలు మీద ఇనుము అట్టడుగున ఉంటుంది. దాని పైన అల్యూమినియం ఫాయిల్, నడుమ నికెల్ (అమెరికా ఐదు సెంట్ల నాణెం), కూల్‌డ్రింక్ టిన్నుల పుల్‌ట్యాబ్‌లు, ఆపైన జింక్ పెన్నీ (ఒక సెంటు నాణెం), చివర్న రాగి, వెండి. బంగారానికంటూ విడిగా చోటు లేదు. ఆడవాళ్ల సన్న ఉంగరం ఫాయిల్ దగ్గర, కాస్త బరువైనది నికెల్, పుల్‌ట్యాబ్‌ల దగ్గర పలుకుతుంది. కాయిన్స్ మోడ్ చెత్త అనుకుని తీసేసేది సరిగ్గా ఆ ఫాయిల్‌నీ ఆ పుల్‌ట్యాబ్‌లనే!

ఇంకోటి. అమెరికా వాళ్లు చెప్పే బంగారం అంకెలు ఎక్కువగా 10, 14 క్యారెట్ల ఉంగరాలవి. మన ఇళ్లలో ఉండేది 22 క్యారెట్లు. కల్తీ తక్కువ కాబట్టి అదే సైజు ఉంగరం పై అంకె చూపిస్తుంది. గొలుసు సంగతి మరీ వేరు. మెషిన్‌కి గొలుసు మొత్తం ఒక వస్తువుగా కనబడదు, ఒక్కో చిన్న లింకుగానే కనబడుతుంది. అందుకే తులాల గొలుసు కూడా చిన్న ఫాయిల్ ముక్కలా గొణుగుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మనవాళ్లెవరైనా పిక్నిక్‌లో సూత్రాల గొలుసు పోయిందని పిలిస్తే, ముందు ఏ లోహాన్నీ తీసెయ్యని జీరో మోడ్‌లో పెట్టు. అక్కడ నీకు సాయం చేసేది పుస్తెలే, అవి లింకుల్లా కాక బిళ్లలు కాబట్టి.

జీరోలో పెడితే మేకులన్నీ మోగి చెవులు హోరెత్తుతాయి, నిజమే. అయినా ఆ మోత అవసరం. మేకు పక్కనే డైమ్ (పది సెంట్ల నాణెం) ఉంటే, మోడ్ మార్చి ఇనుము నోరు నొక్కినప్పుడు డైమ్ గొంతు కూడా తెగిపోతుంది. మేకులు వినబడుతున్న చోట నెమ్మదిగా, కాయిల్ నేలకి దగ్గరగా ఊపు. అనుమానం వస్తే పక్కకి తిరిగి అడ్డంగా ఇంకోసారి ఊపు. నాణెం రెండు వైపుల నుంచీ దాదాపు ఒకే అంకె చెబుతుంది, మేకు మాత్రం ఎగిరెగిరి పడుతుంది. సీసా మూతలు, చదునైన తుప్పు రేకులు మంచి అంకె చూపించి మోసం చేస్తాయి, వాటి మోతని చెవి క్రమంగా గుర్తుపడుతుంది. లోతున్న వస్తువు అంకెని పూర్తిగా నమ్మకు, మట్టిలోని ఖనిజం వల్ల అది కిందికి జారుతుంది.

మరీ మేకుల మయమైన చోట, టైం లేనప్పుడు, ఏది తీసెయ్యాలో మనమే ఎంచుకునే కస్టమ్ మోడ్‌లో ఒక్క ఇనుమే తీసెయ్యి. పుల్‌ట్యాబ్ గడి జోలికి పోకు. వంద ట్యాబ్‌లు తవ్వడానికి ఓపిక ఉన్నవాడికే ఉంగరం దొరుకుతుంది.

పార్కు నిబంధనలు ముందే కనుక్కో. అమెరికా నేషనల్ పార్కుల్లోకైతే మెషిన్ చేత్తో పట్టుకుని అడుగు పెట్టడానికి కూడా వీల్లేదు.

ఈ శనివారం పెరట్లో, మేకుల్లేని చెక్క బల్ల మీద మీ ఆవిడ ఉంగరం, కమ్మలు, గొలుసు, నాలుగు పుల్‌ట్యాబ్‌లు, ఒక నికెల్ విడివిడిగా పెట్టి, జీరో మోడ్‌లో ఒక్కోదాని మీదా కాయిల్ తిప్పు. గొలుసుని ఒకసారి చాపి, ఒకసారి ముద్దగా పెట్టి చూడు. వచ్చిన అంకెలు కాగితం మీద రాసి నాకు ఫోటో పంపు.

మీ మామయ్య