ముందు మీ చలి ఎలాంటిదో తెలుసుకోండి

ప్రియమైన అమ్మలూ,

చలికాలం దగ్గర పడుతోంది, తోటలో ఏమేం చేయాలో వరసగా రాసి పంపమన్నావు. ఈ ఉత్తరం అక్కకీ తమ్ముడికీ కూడా చూపించు, ఎందుకంటే మీ ముగ్గురి చలీ మూడు రకాలు. అక్కవాళ్ల దగ్గర నెలల తరబడి నేల గడ్డకట్టి ఉంటుంది. నీ దగ్గర ఏడాదికి కొన్ని రాత్రులు ఫ్రాస్ట్, అంటే ఆకుల మీద తడి గడ్డకట్టేంత చలి, పడుతుంది. తమ్ముడికి చలికాలమంటే ఎండ మెత్తబడే కాలం. ఇక భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నవాళ్లకి చలి జూన్‌లో మొదలవుతుంది. అందుకే ఎక్కడో చూసిన డిసెంబరు పనుల జాబితా పట్టుకుని కత్తెర తీయొద్దు. మీ నేల గడ్డకడుతుందా, కట్టకపోతే ఫ్రాస్టయినా పడుతుందా, వానలు ఏ కాలంలో పడతాయి? ఈ మూడూ తెలిస్తే సగం పని తేలిపోతుంది.

మొక్కల లేబుళ్ల మీద కనిపించే జోన్ నెంబరు గురించి అడిగావు కదా. అమెరికా వ్యవసాయ శాఖ ఒక్కోచోట ఏటా నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు చూసి, 13 జోన్లుగా మ్యాపు వేసింది. 2023లో దాన్ని సవరించారు కూడా. మొక్క ఎంత చలి తట్టుకోగలదో ఆ నెంబరు చెబుతుంది, అంతవరకే. వేసవి వేడి గురించి, వానల గురించి, మట్టి గురించి దానికేమీ తెలియదు.

ముందు నీ సంగతి. నువ్వు భయపడాల్సింది గాలి వీచే రాత్రికి కాదు, మబ్బు పట్టిన రాత్రికీ కాదు. ఆకాశం తేటగా ఉండి, ఆకు కదలని రాత్రి జాగ్రత్తగా ఉండు. పగలు నేల దాచుకున్న వేడిని ఆపడానికి పైన మబ్బు ఉండదు, చల్లగాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. అందుకే ఒకే పెరట్లో గట్టు మీది మొక్క బాగానే ఉంటుంది, గోడ కింద పల్లంలో ఉన్నది మాడిపోతుంది. నీ పెరట్లో ఆ పల్లం ఎక్కడుందో చూసుకో, వంగ, మిరప, టమాటా అక్కడ పెట్టకు.

అలాంటి రాత్రి వస్తుందని తెలిస్తే, పగటిపూటే పాదులకి నీళ్లు పెట్టు. పొడి మట్టికన్నా తడి మట్టి వేడిని ఎక్కువ పట్టి ఉంచుతుంది. సాయంత్రం ఎండ పోకముందే పాత దుప్పటి కప్పు. దాని అంచులు నేలని తాకాలి. నేల నుంచి వచ్చే వేడిని లోపల నిలపడానికే ఆ దుప్పటి, కాబట్టి పైన గుడ్డ కట్టి కింద వదిలేస్తే లాభం లేదు. ప్లాస్టిక్ అయితే ఆకులకి తగలకుండా కర్రలు పాతి కప్పు, తగిలిన చోటల్లా ఆకు చచ్చిపోతుంది. పొద్దున ఎండ రాగానే తీసేయడం మరిచిపోకు.

ఇంత చేసినా ఒకటి రెండు మొక్కలు దెబ్బతింటాయి. పొద్దున్నే చూస్తే ఆకు నీళ్లలో ఉడికినట్టు ముదురు రంగుకి తిరిగి వేలాడుతుంది, రెండు రోజుల్లో నల్లబడుతుంది. చూడలేక కత్తిరించాలనిపిస్తుంది. వద్దమ్మా. ఆ ఎండిన ఆకులే కింది కొమ్మలకి కాస్త రక్షణ. పైగా కత్తిరిస్తే కొత్త చిగుళ్లు వస్తాయి, తర్వాతి ఫ్రాస్ట్‌కి మొదట పోయేవి అవే. ఫ్రాస్ట్ రోజులు పూర్తిగా పోయాక, గోటితో బెరడు గీరి చూడు. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. ఇదే కారణంతో చలి ముందు నత్రజని ఎరువు వేయొద్దు. ఆశపడి లేత చిగురు పుట్టించి చలికి అప్పజెప్పడమే అవుతుంది.

అక్కకి దుప్పట్లతో పని జరగదు. ఆమె పనంతా నేల గడ్డకట్టకముందే. ఆకు రాల్చని చెట్లకి అప్పుడే బాగా నీళ్లు పట్టాలి, తర్వాత వేళ్లకి నీరు అందదు గానీ ఎండకీ గాలికీ ఆకులు తడి కోల్పోతూనే ఉంటాయి. వెల్లుల్లి రెబ్బలు కూడా ఆలోపే నాటాలి, గడ్డ సరిగ్గా ఊరడానికి వాటికి చలి కావాలి. పైపుల్లో, మట్టి కుండీల్లో నీళ్లు మిగల్చకూడదు. గడ్డకట్టేటప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, కుండీ పగిలేది అందుకే.

ఎండుటాకులు కప్పడానికి మాత్రం తొందర వద్దని చెప్పు. నేల గడ్డకట్టాకే కప్పాలి. వెచ్చగా ఉంచడం కోసం కప్పడం లేదు మనం. నేల పగలు కరిగి రాత్రి గడ్డకడుతూ ఉంటే కొత్తగా నాటిన మొక్కలు వేళ్లతో సహా పైకి లేచిపోతాయి. అలా జరగకుండా నేలని ఒకే తీరున ఉంచడానికి. కాండం చుట్టూ జానెడు ఖాళీ వదలాలి, లేకపోతే ఎలుకలు ఆ ఆకుల చాటున చేరి బెరడు కొరుకుతాయి. మీద పడిన స్నో మొక్కలకి మంచిదే, కొమ్మలు బరువుకి వంగితేనే చీపురుతో కింద నుంచి పైకి మెల్లగా తట్టాలి. కొమ్మకి పట్టిన ఐసుని మాత్రం ముట్టుకోవద్దు, కొమ్మే విరుగుతుంది.

తమ్ముడు అదృష్టవంతుడు. వాడి తోటకి ఇదే అసలు కాలం. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు నాటుకోవచ్చు. ముల్లంగి, క్యారెట్ నారు పోసి పీకి నాటితే దుంప చీలిపోతుంది, విత్తనం మడిలోనే చల్లాలి. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లమను. ఆలస్యం చేస్తే ఎండలు ముదిరి కొత్తిమీర ఆకు వేయకుండా పూతకి వస్తుంది. నీళ్లు వేసవిలో పోసినట్టు పోయొద్దు, వేలు రెండు అంగుళాలు గుచ్చి తడి లేకపోతేనే, అదీ పొద్దునే పోయాలి. కాపుకొచ్చిన మామిడి ఉంటే పూతకి ముందు ఒకటి రెండు నెలలు నీళ్లు ఆపేయాలి, తడి ఎక్కువైతే పూత బదులు చిగురు వేస్తుంది.

చలికాలమే వానాకాలమైన చోట్ల ఉన్నవాళ్లు అడిగితే ఒక్కటే చెప్పు, తడి మడిలో కాలు పెట్టొద్దని. మట్టి అణిగిపోతే వేళ్లకి గాలి ఆడదు.

కత్తిరింపు గురించి అందరికీ. ఆపిల్, పియర్ చెట్లని ఆకు రాలి నిద్రలో ఉన్నప్పుడు, చలి తగ్గుముఖం పట్టాక కత్తిరించాలి. ప్లమ్, చెర్రీలని వేసవిలోనే, ఎందుకంటే తడి చలిలో కోసిన గాయాల్లోంచి సిల్వర్ లీఫ్ తెగులు ఎక్కుతుంది. వసంతం మొదట్లో పూసే లైలాక్, అజేలియా లాంటివాటి మొగ్గలు కిందటి వేసవిలోనే కట్టి ఉంటాయి, ఇప్పుడు కోస్తే ఆ ఏడాది పూలుండవు.

నీ దగ్గర మొదటి ఫ్రాస్ట్ ఏ తేదీన పడింది, పెరట్లో ఏ మూల ముందు పడిందో రాసిపెట్టి నాకు పంపు. చివరిది ఎప్పుడు పడిందో కూడా. ఆ తేదీకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు టమాటా విత్తనాలు ఇంట్లో పోసుకోవాలి, వచ్చే ఏడాదికి లెక్క అక్కడి నుంచే వేద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న