సినిమా సందేహాలు: వెనక్కి వెళ్లినా అదే తప్పు

ప్రశ్న: మనిషి కాలంలో వెనక్కి వెళ్లినా మళ్లీ అదే తప్పు చేస్తాడన్న ఆలోచనతో పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయాలనుకుంటున్నాను. సంభాషణలు లేవు, గ్రాఫిక్స్‌కి డబ్బూ లేదు. ఎలా తీయమంటారు?

జవాబు: ఫొటోలతో తీయండి. 1962లో క్రిస్ మార్కర్ ఫ్రెంచిలో ‘లా జెటె’ అలాగే తీశాడు. 28 నిమిషాల్లో కదిలే షాట్ ఒక్కటే, ఒక స్త్రీ కళ్లు తెరవడం. అందులో పెద్ద కాలయంత్రమేమీ ఉండదు. కళ్లకు గంతలు, ఒక ఇంజెక్షను, చుట్టూ గుసగుసలు, అంతే.

ఫొటోకి సగటున 4 సెకన్లనుకుంటే మీకు 150 కావాలి. అన్నీ సరిగ్గా 4 సెకన్లే ఉంచితే పెళ్లి ఆల్బమ్ తిప్పినట్టుంటుంది. కొన్ని అర సెకనులో పోవాలి, కొన్ని పది సెకన్లు నిలవాలి. వ్యాఖ్యానం ఉంటే ముందు దాన్ని రికార్డు చేసి, ఆ విరామాలను బట్టి ఫొటోలు పేర్చుకోండి. 4కె ఫ్రేము వెడల్పు 3840 పిక్సెళ్లు. ఫొటో వెడల్పు 6000 ఉంటే ఒకటిన్నర రెట్ల దాకా దగ్గరికి వెళ్లొచ్చు, దాటితే బొమ్మ మసకబారుతుంది. మెల్లగా జరిపే షాట్లలో ఇటుక గోడలు, కంచెలు మిణుకుమిణుకుమంటాయి. కాస్త బ్లర్ కలిపితే తగ్గుతుంది.

అసలు కష్టం ‘అదే తప్పు’ను చూపించడంలో ఉంది. ఒకే చోటును మూడుసార్లు చూపించండి. కెమెరా ఎత్తు, లెన్స్, తీసిన వేళ రాసుకోండి, ట్రైపాడ్ కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించండి. ఫ్రేము కొద్దిగా జరిగినా ‘మళ్లీ అదే’ అనిపించదు, ‘ఇలాంటిదేదో ఇందాక చూశాం’ అనిపిస్తుంది. రెండోసారి గోడ మీద చిన్న హెచ్చరిక కనపడాలి. మూడోసారి అది గోడంతా ఉండాలి, మీ మనిషి దాని పక్కనుంచే నడిచిపోవాలి. ఇక ‘మానవజాతి ఎప్పటికి నేర్చుకుంటుంది’ లాంటి వాక్యం వ్యాఖ్యానంలో ఉంటే కొట్టేయండి.

అతను ఎందుకు వినడన్నది మాత్రం తేల్చుకోవాలి. తెలివితక్కువవాడంటే ప్రేక్షకుడు ‘నేనైతే అలా చేయను’ అనుకుని తప్పుకుంటాడు. ‘లా జెటె’లో కాలప్రయాణం చేసే కథానాయకుణ్ని భవిష్యత్తువాళ్లు తమతో వచ్చెయ్యమంటారు. అతనికి చిన్నప్పుడు చూసిన ముఖమే కావాలి, గతానికే పంపమంటాడు. మీవాడికీ అంత బలమైన కోరిక ఒకటి ఇవ్వండి.

ప్రశ్న: తెర మీద సంవత్సరం వేయకుండా మూడు కాలాలను వేరుచేయడం ఎలా?

జవాబు: శబ్దంతో. ఒక కాలానికి ఫ్యాను హోరు, ఒకదానికి పక్షులు, ఒకదానికి దాదాపు నిశ్శబ్దం. కాలం మారేచోట కొత్త శబ్దం ఫొటో కంటే ఒక సెకను ముందే, అంటే సెకనుకు 24 ఫ్రేముల వేగమైతే 24 ఫ్రేముల ముందే మొదలవ్వాలి. రెండుసార్లు అలా జరిగితే మూడోసారికి చెవే పసిగడుతుంది. గతానికి సెపియా రంగు, అంటే పాత ఫొటోల గోధుమ ఛాయ, మాత్రం వేయకండి.