దోసె పిండి వ్యాపారం: పెద్ద గ్రైండరు కంటే ముందు కొనవలసినది

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో ఇంట్లోనే దోసె, ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతున్నాను. రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండరుతో రోజుకు ఆరు వాయిలు వేస్తే 12 కిలోలు వస్తుంది. కిలో 50 రూపాయలకు అమ్మితే ఖర్చులు పోను 16 మిగులుతుంది. రెండు టిఫిన్ సెంటర్లవారు కలిపి రోజూ ఇంకో 18 కిలోలు అడుగుతున్నారు. కిలోకు 44 రూపాయలే ఇస్తామని, అదీ పదిహేను రోజులకొకసారి లెక్క కడతామని అంటున్నారు. 20 లీటర్ల టిల్టింగ్ (వంచి పిండి తీసుకునే) గ్రైండరు 46 వేలు, 10 లీటర్లది 27 వేలు చెప్పారు. చేతిలో 40 వేలు ఉన్నాయి. లక్ష రూపాయల చీటీ ఆరు నెలలు కట్టాను. చీటీ పాడి పెద్దది కొనమంటారా, గొలుసు కుదువ పెట్టమంటారా? ఎండాకాలంలో కొంత పిండి పులిసి వెనక్కి రావడం కూడా ఇబ్బందిగా ఉంది.

జవాబు: మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన పులిసిన పిండి సంగతే నా దృష్టిలో ఈ వ్యవహారమంతటికీ కీలకం. కాబట్టి అప్పు మాట కంటే ముందు దాని గురించే రాస్తాను.

మీకు ఒక కిలో పిండి తయారీకి 34 రూపాయలు పడుతోంది. 44కు అమ్మితే మిగిలేది 10 మాత్రమే. 18 కిలోల మీద రోజుకు 180 చొప్పున, నెలకు 26 రోజులు వేసుకుంటే 4,680 రూపాయలు అదనంగా రావాలి. కానీ మొత్తం 30 కిలోల్లో రోజుకు రెండు కిలోలు పారబోయవలసి వచ్చినా నెలకు సుమారు 1,770 రూపాయల సరుకు పోయినట్టే. కరెంటుకు అదనంగా 900 అనుకుందాం. 10 లీటర్ల గ్రైండరుకు 27 వేలు 12 శాతం వడ్డీతో పద్దెనిమిది నెలల వాయిదాల మీద తీసుకుంటే నెలకు దాదాపు 1,650 కట్టాలి. ఇవన్నీ తీసేస్తే, రెండున్నర రెట్ల చాకిరీకి నెల చివర మిగిలేది 360 రూపాయలు. అదే వృథా రోజుకు అర కిలోకు తగ్గితే ఆ మిగులు 1,690 దాకా వస్తుంది. పారబోసే పిండి ఖరీదు గ్రైండరు వాయిదా కంటే ఎక్కువగా ఉన్నంతకాలం, ఎంత పెద్ద యంత్రం కొన్నా అది నష్టాన్ని కూడా పెద్దది చేస్తుంది.

పిండి పులియడం ఆగేది చల్లదనంతోనే. ముప్పై డిగ్రీల దగ్గర ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో చక్కగా పొంగే పిండి, మన తిరుపతి మే నెల వేడిలో అంతకంటే చాలా ముందే పుల్లబడుతుంది. అంతేకాక, పన్నెండు కిలోలు చిన్న గిన్నెల్లో ఉన్నప్పుడు రాని సమస్య ముప్పై కిలోలు పెద్ద డేగిసాలో ఉన్నప్పుడు వస్తుంది. దాన్ని అలాగే ఫ్రిజ్‌లో పెడితే అంచులు చల్లబడతాయే గాని, నడిమి పిండి గంటల తరబడి వెచ్చగానే ఉండి పులుస్తూనే ఉంటుంది. ఇంటి ఫ్రిజ్‌కు ఒకేసారి అంత వేడిని లాగే శక్తి కూడా ఉండదు. కాబట్టి నాలుగైదు లీటర్ల స్టీలు గిన్నెల్లో, పొంగడానికి పైన మూడో వంతు ఖాళీ వదిలి, పిండిని విడివిడిగా పెట్టండి. రుబ్బేటప్పుడు ఐసు నీళ్లు వాడండి, ఎందుకంటే రాళ్ల రాపిడికే పిండి వేడెక్కుతుంది.

అందువల్ల మీ 40 వేలలో మొదటి ఖర్చు గ్రైండరు కాదు, విసి కూలరు, అంటే కూల్‌డ్రింకు దుకాణాల్లో ఉండే అద్దాల తలుపు ఫ్రిజ్. మూతపడిన హోటళ్ల నుంచి, కూల్‌డ్రింకు దుకాణాల నుంచి సెకండ్ హ్యాండ్‌వి అమ్మకానికి వస్తుంటాయి. ఒక మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, కంప్రెసరు రెండు గంటలు ఆడించి చూసి, 18 వేలకు మించకుండా బేరం చేయండి. చౌకగా దొరికిందని డీప్ ఫ్రీజరు కొనకండి, అందులో పిండి గడ్డకడుతుంది. గిన్నెలకు 5 వేలు పోతాయి. టిఫిన్ సెంటర్లవారు పదిహేను రోజులకు డబ్బిస్తారు గనుక 18 కిలోల సరుకు ఖర్చు, అంటే దాదాపు 9,200 రూపాయలు, ఎప్పుడూ వాళ్ల దగ్గరే ఇరుక్కుని ఉంటుంది. దీన్ని పెట్టుబడిగా లెక్కగట్టకుండా యంత్రాలు కొనేసి, నెల తిరక్కముందే మినపప్పు అరువు తెచ్చుకునేవారు ఈ రకం వ్యాపారాల్లో చాలామంది. ఇవి పోగా మీ దగ్గర 7,800 ఉంటాయి. మరమ్మతులకు, అత్యవసరాలకు వాటిని కదపకుండా ఉంచండి.

మరి రుబ్బడం ఎలాగంటే, మొదటి రెండు నెలలు అదనపు పిండిని దగ్గర్లో పచ్చిపిండి రుబ్బి ఇచ్చే మిల్లులో వేయించండి. కిలోకు 5 రూపాయలు బాడుగ తీసుకున్నా మీకు ఇంకో 5 మిగులుతుంది. లాభం సగానికి తగ్గినా, ఆ టిఫిన్ సెంటర్లవారు నిజంగా రోజూ 18 కిలోలు తీసుకుంటారా, పదిహేనో రోజున డబ్బు చేతికిస్తారా అన్నది అప్పు చేయకుండానే తేలిపోతుంది. కొత్త గిరాకీని నమ్మి అప్పు చేయడం కంటే ఆ రెండు నెలల లాభం తగ్గించుకోవడమే చౌక అని నేను అనుకుంటాను.

ఆ పరీక్ష నెగ్గితే 10 లీటర్లది కొనండి. ముప్పై కిలోలకు నాలుగైదు వాయిలతో అది సరిపోతుంది. 20 లీటర్లది మీకు ఇప్పుడు అక్కరలేదు. పెద్ద డ్రమ్ములో తక్కువ మినపప్పు వేస్తే అది రాళ్ల కిందికి రాకుండా అంచులకు అంటుకుపోయి నురగ సరిగ్గా రాదు. దుకాణదారు పెద్దదే మేలని చెప్పడం సహజం, అతని లాభం అందులోనే ఉంది.

ఇక అప్పు సంగతి. చీటీ మాత్రం పాడకండి. నెలకు 5 వేల చొప్పున ఇరవై నెలల చీటీ అనుకుందాం. ఏడో నెలలో 22 వేలు తగ్గించి పాడితే మీకు 78 వేలు వస్తాయి, చివరిదాకా ఆగితే 5 శాతం కమిషన్ పోను 95 వేలు వస్తాయి. రెండు దారుల్లోనూ నెలనెలా కట్టేది ఒకటే కాబట్టి, పదమూడు నెలల ముందు తీసుకున్నందుకు మీరిచ్చే వెల 17 వేలు, అంటే ఏడాదికి ఇంచుమించు 20 శాతం వడ్డీ. బ్యాంకులో గొలుసు మీద అప్పు తీసుకుంటే సాధారణంగా ఇందులో సగమే పడుతుంది. అయినా గొలుసు కంటే ముందు ముద్ర పథకంలో 50 వేల లోపు ఇచ్చే శిశు రుణం అడగండి, దానికి తాకట్టు అవసరం లేదు. చిన్న వ్యాపారాలకు ఉచితంగా వచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌తో పాటు ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ కూడా చేతిలో ఉంటే బ్యాంకువారితో మాట తేలికవుతుంది. కొత్త 18 కిలోలు కలిపినా మీ అమ్మకం ఏడాదికి నాలుగు లక్షల పైచిలుకే కాబట్టి ఆహార లైసెన్సు దాకా పోనక్కరలేదు.

మీరు పొదుపు సంఘంలో ఉంటే, చిన్న ఆహార తయారీదారుల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద ఆహార తయారీ చేసే సభ్యురాలికి 40 వేల వరకు మూలధనం సంఘం ద్వారా ఇచ్చే ఏర్పాటు పెట్టారు, అది ఇప్పుడూ అమల్లో ఉందేమో పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మా కార్యాలయంలో అడగండి. అదే పథకంలోని 35 శాతం రాయితీని మాత్రం చేతికొచ్చే డబ్బుగా లెక్కవేసుకోకండి. అది బ్యాంకులోనే మూడేళ్లు ఉండి, ఖాతా సక్రమంగా నడిస్తేనే అప్పులో జమ అవుతుంది.

యంత్రం బిగించే ముందు కరెంటు ఆఫీసుకు వెళ్లి మీ సర్వీసు ఏ కేటగిరీలో ఉండాలో, లోడు పెంచాలో కనుక్కోండి. ఇంటి కనెక్షన్‌ను అనుమతి లేకుండా వ్యాపారానికి వాడినట్టు తేలితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం రెట్టింపు రేటుతో బిల్లు వేయవచ్చు. పాత టేబుల్ టాప్ గ్రైండరును అమ్మకండి. రెండు వేలు వచ్చినా ఏం లాభం, పెద్దదాని మోటారు కాలిపోయిన రోజున ఇంటి వాడుకదారుల 12 కిలోలైనా రుబ్బి ఇవ్వగలగాలి కదా.